తాళం తిప్పాక ఏం వినిపించింది?

జగిత్యాల జిల్లా కొండగట్టు మీద, ఆంజనేయస్వామి గుడి దగ్గర, వాహన పూజ జరిగే చోట కొత్త కారు మొరాయించడం వింతేమీ కాదు. షోరూం నుంచి నేరుగా అంజన్న దగ్గరికి వచ్చిన బండి. బోనెట్ లేపి బొట్టు పెట్టారు, పూలదండ వేశారు, టైర్ల కింద నిమ్మకాయలు సర్దారు. ఈలోగా డోర్లన్నీ బార్లా తెరిచే ఉన్నాయి. పాటలు మోగుతున్నాయి. ఎండకు తాళలేక పిల్లలు బ్లోయర్ పెట్టుకున్నారు. ఇంజిన్ మాత్రం ఆపేసి ఉంది. ముందు ఇంకా చాలా బండ్లున్నాయి. వంతు వచ్చి, హారతి అయి, కొబ్బరికాయ కొట్టాక నిమ్మకాయల మీంచి ముందుకు పోనిద్దామని తాళం తిప్పితే టకటకటకమని చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆ గుట్టకు ఆటోలు, ట్రాక్టర్లు, వరికోత మిషన్లు, అన్నీ పూజకు వస్తాయి. 2023 జనవరి 24న పవన్ కళ్యాణ్ తన ప్రచార రథం వారాహికి పూజ చేయించింది కూడా ఇక్కడే. కనుక బండ్ల గురించి మాట్లాడేవాళ్లకు అక్కడ కొదవ ఉండదు. కారు ఆగిన నిమిషంలోనే నలుగురు పోగవుతారు. “బ్యాటరీ దిగిపోయిందన్నా” అని ఒకరంటారు. “కాదు, సెల్ఫ్ మోటార్ పోయినట్టుంది” అంటారు ఇంకొకరు. “నూకుదాం పట్టుండ్రి, అయితది” అని మూడో ఆయన చొక్కా చేతులు మడుస్తాడు. “కొత్త బండే, షోరూమోళ్లకు ఫోన్ చెయ్యి, ఊకుంటవేంది?” అని నాలుగో ఆయన కోపం. వెనక సీట్లో అమ్మ మొహం చిన్నబోయింది, ఏదో అపశకునమని. ఈ ఐదుగురిలో ఒక్కరూ అడగని ప్రశ్న ఒకటుంది: తాళం తిప్పినప్పుడు ఏం వినిపించింది?

ఈ అధ్యాయం ఆ ప్రశ్న గురించే. కష్టం వచ్చినప్పుడు ముందు ఖర్చు, తర్వాత ఆలోచన అనే అలవాటు మనకు గట్టిగా ఉంది. దాన్ని వదిలించుకోవడానికి స్టార్ట్ కాని కారుకు మించిన పాఠం నాకు కనపడలేదు. ఎందుకంటే కారు అబద్ధమాడదు, మొహమాటపడదు. సరిగా అడిగితే సరిగానే చెబుతుంది. సరిగా అడగనివాళ్లు మాత్రం బ్యాటరీ, దాని తర్వాత సెల్ఫ్ మోటార్, దాని తర్వాత ఇంధనం పంపు వరుసగా మార్చుకుంటూ పోయి, చివరికి ఒక వదులైన నట్టు దగ్గర ఆగుతారు.

వాహన పూజ దగ్గరి ఆ కారు సంగతి ముందు తేల్చేద్దాం. చిన్న కారులో ఉండే బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లది. అంటే లెక్కకు ఒక ఆంపియర్ చొప్పున వాడితే 35 గంటలు. బ్లోయర్, పాటలు, ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడు కారు సొంతానికి వాడుకునేది, అంతా కలిస్తే ఇరవై ఆంపియర్ల దగ్గరికి పోతుంది. గంటలో సగానికి పైగా ఖాళీ. పైగా కొత్త కారు అన్నది మనకే కొత్త. యార్డులో నెలల తరబడి ఎండలో నిలబడి, సగం దిగిన బ్యాటరీతోనే అది మన చేతికి వచ్చి ఉండొచ్చు. అది పాడైన బ్యాటరీ కాదు, ఖాళీ అయిన బ్యాటరీ. పక్క కారు నుంచి జంపర్ కేబుల్ వేస్తే లేస్తుంది. అపశకునం ఏమీ లేదని అమ్మకు ధైర్యంగా చెప్పొచ్చు.

చెవితో మొదలు

1911లో చార్లెస్ కెటరింగ్ అనే అమెరికన్ ఇంజినీరు కరెంటుతో తిరిగే స్టార్టర్‌ను, అంటే మనం సెల్ఫ్ అనేదాన్ని, తయారుచేశాడు. 1912 మోడల్ కాడిలాక్ కార్లలో అది వచ్చింది. అంతకుముందు ఇంజిన్ ముందు హ్యాండిల్ దూర్చి తిప్పాల్సిందే. మన అంబాసిడర్‌కు కూడా ఆ హ్యాండిల్ చాలా ఏళ్లు వెంట ఉండేది. పాత డ్రైవర్లను కదిపితే ఆ హ్యాండిల్ వెనక్కి తన్ని మణికట్టు విరిగిన కథలు చెబుతారు. ఆ కథల్లో ఇంకో సంగతి కూడా ఉంది. హ్యాండిల్ తిప్పేవాడికి ఇంజిన్ ఆరోగ్యం చేతికే తెలిసిపోయేది: బరువుగా తిరుగుతోందా, కంప్రెషన్ తగులుతోందా, ఊరికే వట్టిగా తిరిగిపోతోందా అని. స్టార్టర్ వచ్చాక ఆ సమాచారం చేతి నుంచి చెవికి మారింది. మనం ఆ చెవిని వాడటం మానేశాం, అంతే.

కాబట్టి పాటలు కట్టేసి, బ్లోయర్ ఆపి, అందర్నీ ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉండమని చెప్పి తాళం తిప్పండి. ఈ ఒక్క నిమిషం నిశ్శబ్దం సాధించడమే అన్నింటికన్నా కష్టం. వినిపించేది వీటిలో ఏదో ఒకటి అవుతుంది. టకటకటక అని వరుసగా. లేదా ఒక్కసారి ‘టక్’ అని, ఆ తర్వాత ఏమీ లేకుండా. లేదా అసలు చప్పుడే లేకపోవడం. లేదా ఇంజిన్ మామూలుగానే తిరుగుతూ, రగలకుండా ఉండటం. మొదటి మూడింటిలో ఇంజిన్ తిరగడం లేదు, కాబట్టి అది కరెంటు కథ. నాలుగోదానిలో ఇంజిన్ తిరుగుతోంది, కాబట్టి బ్యాటరీకీ సెల్ఫ్‌కూ దాదాపు సంబంధం లేదు. ఇంజిన్ జోరుగా తిరుగుతున్నా కొత్త బ్యాటరీ కొనిపించే సలహాదారులు ఊరికొకరు ఉంటారు. ఈ ఒక్క తేడా తెలిసినా ఆ డబ్బు మిగులుతుంది.

రెండో పరీక్షకు హెడ్‌లైట్లు కావాలి. లైట్లు వేసి, ఒక మనిషిని ముందు నిలబెట్టి, తాళం తిప్పండి. లైట్లు బాగా మసకబారిపోతే బ్యాటరీ బలహీనంగా ఉంది, లేదా దాని టెర్మినళ్లు సరిగా పట్టుకోలేదు. లైట్లు ఏమాత్రం మసకబారకుండా వెలుగుతూనే ఉండి, ఇంజిన్ తిరగకపోతే కరెంటు సెల్ఫ్ దాకా పోవడమే లేదు. దీనికి పరికరం అక్కర్లేదు, మెకానిక్ అక్కర్లేదు.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల కారు

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు ఒక ప్రత్యేకమైన కారు కనిపిస్తుంది. ఇంటి ముందు రేకుల షెడ్డు, దాని కింద కవరు కప్పిన బండి. కొన్న మనిషి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. ఏడాదికో రెండేళ్లకో సెలవు మీద వస్తాడు. వచ్చిన మర్నాడే వేములవాడ, కొండగట్టు, ధర్మపురి మొక్కులు. పొద్దున్నే అందరూ స్నానాలు చేసి, కొత్త బట్టలు కట్టుకుని కారెక్కి కూర్చుంటే బండి కదలదు. సెలవు ఉన్నది నెల రోజులే. అందులో రెండు రోజులు మెకానిక్ చుట్టూ తిరగడానికే పోతాయి.

“వారం వారం స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచుతనే ఉన్న బిడ్డా, మరి గిట్లెందుకైంది?” అని బాపు బాధపడతాడు. ఆయన తప్పేమీ లేదు. అందరూ చెప్పిన మాటే ఆయనా పాటించాడు. ఆ మాటే తప్పు.

లెక్క చూడండి. తాళం వేసి ఉన్నా కారు పూర్తిగా నిద్రపోదు. అలారం, గడియారం, కంప్యూటర్ల జ్ఞాపకం, సెంట్రల్ లాకింగ్ రిసీవర్ అన్నీ కాస్త కాస్త కరెంటు తాగుతుంటాయి. ఆరోగ్యంగా ఉన్న కారులో ఇది 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల మధ్య ఉంటుంది. 30 అనుకుందాం. రోజుకు 0.72 ఆంపియర్-అవర్లు, వారానికి 5 దాకా. ఇక బాపు ఐదు నిమిషాలు ఇంజిన్ నడిపితే, బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ ఉదారంగా ఇరవై ఆంపియర్లు ఇచ్చినా తిరిగి చేరేది ఒకటిన్నర చిల్లర. పోయింది అయిదు, వచ్చింది ఒకటిన్నర. అదీ ఐడిల్‌లో ఏసీ వేయకుండా ఉంటే. ఇలా వారం వారం లోటు పెరుగుతూ పోతుంది. అసలు ముట్టుకోకుండా వదిలేసినా నెల తిరిగేసరికి సగానికి పైగా దిగిపోతుంది.

సగం ఖాళీగా పడి ఉండటమే బ్యాటరీకి అసలు చావు. ఇప్పటికీ మన కార్లలో ఉన్నది మౌలికంగా 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తయారుచేసిన సీసం-ఆమ్లం బ్యాటరీయే. ఖాళీ అయినప్పుడు దాని పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే చార్జ్ చేస్తే అది కరిగిపోతుంది. వారాల తరబడి వదిలేస్తే గట్టిపడి, ఇక కరగదు. దీనికి తోడు మన ఎండ. వేసవిలో జగిత్యాల జిల్లాలో 45 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల షెడ్డు కింద, మూసిన బోనెట్ లోపల ఎంత ఉంటుందో ఊహించుకోండి. వేడి పెరిగేకొద్దీ బ్యాటరీ లోపలి రసాయన చర్యలు జోరందుకుని, దాని ఆయుష్షు తరుగుతుంది. చలిదేశాల్లో బ్యాటరీ చలికాలంలో చనిపోయినట్టు కనిపిస్తుంది గానీ, దాన్ని నిజంగా చంపేది ఎండాకాలమే. మన దగ్గర మూడు నాలుగేళ్లు పనిచేసిందంటే బాగా పనిచేసినట్టే.

మరేం చేయాలి? నెలకు మించి కారు నిలబెట్టేటట్టయితే నెగెటివ్ టెర్మినల్ విప్పేసి వెళ్లండి. పది నంబరు పానా ఒకటి చాలు. ముందు బ్యాటరీని నిండా చార్జ్ చేయించాలి, ఆ తర్వాతే విప్పాలి. మళ్లీ బిగించాక గడియారం, రేడియో, కొన్ని కార్లలో అద్దాల ఆటో సెట్టింగ్ మళ్లీ పెట్టుకోవాల్సి వస్తుంది, అంతకు మించి నష్టం లేదు. తాళంతో డోరు తెరుచుకుంటుందో లేదో మాత్రం విప్పకముందే చూసుకోండి. బ్యాటరీ లేకపోతే రిమోట్ పనిచేయదు.

ఇంట్లో నడిపేవాళ్లెవరైనా ఉంటే అంతకన్నా మంచి మందు ఉంది. పదిహేను రోజులకోసారి మంగళవారమో శనివారమో కారు తీసి కొండగట్టుకు పోయి రమ్మనండి. కోరుట్ల నుంచి జగిత్యాల మీదుగా అది నలభై కిలోమీటర్ల దారి. రానూపోనూ రెండు గంటల ప్రయాణంలో బ్యాటరీ నిండుతుంది, ఇంజిన్ ఆయిల్ బాగా వేడెక్కి లోపలి తేమ ఎగిరిపోతుంది, టైర్లు ఒకేచోట నొక్కుకుపోకుండా ఉంటాయి, బాపుకు దర్శనం అవుతుంది. ఇన్ని పనులు ఒకేసారి చేసే చార్జర్ ఏ కంపెనీ అమ్మడం లేదు.

నిలబడిన కారుకు ఇంకో శత్రువు ఎలుక. వరి కోతలు అయ్యాక పొలంలో తిండి తగ్గి ఎలుకలు ఇళ్ల వైపు వస్తాయి. వెచ్చగా, చీకటిగా, ఎవరూ కదిలించని ఇంజిన్ గది వాటికి మంచి ఇల్లు. వైర్లు కొరుకుతాయి, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గూడు కడతాయి. చాలాకాలం నిలబడిన కారును స్టార్ట్ చేసే ముందు బోనెట్ లేపి టార్చి వేసి చూడటం ఒక నిమిషం పని. ఎలుకలు కొరికిన వైర్లకు బీమా వర్తిస్తుందో లేదో పాలసీ తీసుకునే రోజే అడిగి పెట్టుకోవాలి, కొరికాక కాదు.

మూడు నాలుగు వందల పరికరం

మల్టీమీటర్ కొనండి. ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలుది చాలు. రాత్రంతా నిలబడిన కారు బ్యాటరీ మీద పొద్దున్నే పెట్టి చూస్తే 12.6 వోల్టులు ఉండాలి, అంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు. 12.2 అంటే సగం. 12 కన్నా తక్కువంటే అడుగంటింది. ఇది మొదటి కొలత. రెండోది, ఎవరినైనా తాళం తిప్పమని, ఇంజిన్ తిరుగుతున్నప్పుడు చూడాలి. వోల్టేజి 9.6 కిందికి పడకూడదు. 12.6 చూపించి, తాళం తిప్పగానే 7కో 8కో పడిపోతే ఆ బ్యాటరీ పైకి నిండుగా కనిపిస్తూ లోపల సత్తువ లేనిది. అప్పుడు మార్చండి. మూడోది, కారు స్టార్ట్ అయ్యాక చూడాలి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ పనిచేస్తోంది. స్టార్ట్ అయ్యాక కూడా 12.4 చూపించి నెమ్మదిగా దిగుతుంటే బ్యాటరీకి తిండి అందడం లేదు. కొత్త బ్యాటరీ వేసిన మూడు రోజులకే మళ్లీ ఆగిపోయే కార్లు ఈ కోవలోవే. మన మెకానిక్‌లు చాలామంది ఆల్టర్నేటర్‌ను ఇంకా డైనమో అనే అంటారు. “డైనమో చార్జింగ్ చెక్ చేయండి” అంటే వెంటనే అర్థమవుతుంది.

నాలుగో కొలత ఎవరూ చేయరు గానీ నాకు ఇష్టమైనది అదే. మీటరు ఒక కొనను బ్యాటరీ పోస్టు మీద, రెండో కొనను దాని మీద బిగించిన క్లాంపు మీద పెట్టి, తాళం తిప్పించాలి. రెండూ ఒకదానికొకటి ఆనుకున్న లోహాలే, కాబట్టి దాదాపు సున్నా రావాలి. అర వోల్టు చూపించిందంటే ఆ సందులోనే కరెంటు ఆగుతోంది. మీ సమస్య టెర్మినల్ మీద పేరుకున్న బూడిదరంగు పొడి, లేదా వదులైన నట్టు. సెల్ఫ్ మోటార్ ఒక్కసారికి నూటయాభై, రెండు వందల ఆంపియర్లు లాగుతుంది. లైట్లకూ హారన్‌కూ సరిపోయే పలుచని అతుకు ఆ ధాటికి సరిపోదు. అందుకే ‘లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, బ్యాటరీ బాగానే ఉంది’ అన్న వాదన నిలబడదు.

టెర్మినళ్లు శుభ్రం చేసేటప్పుడు నెగెటివ్ ముందు విప్పాలి, చివర బిగించాలి. వేడినీళ్లలో వంటసోడా కలిపి పోస్తే ఆ పొడి నురగలు కక్కి పోతుంది. తుడిచి, ఆరబెట్టి, గట్టిగా బిగించి, పైన కాస్త వాజిలిన్ రాయండి. మూతలున్న బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ పలకలు మునిగేదాకా పోయాలి. మినరల్ వాటర్, బోరు నీళ్లు పనికిరావు. సిగ్నల్ దగ్గర తనంతట తాను ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే రకం కారయితే దాని బ్యాటరీ వేరే జాతిది. చవకని మామూలుది పెట్టిస్తే ఏడాదిలోపే మళ్లీ ఖర్చు.

బ్యాటరీ బాగుండి, రాత్రికి రాత్రి దిగిపోతుంటే మీరు తర్వాత పెట్టించుకున్న సామాన్ల మీద అనుమానపడండి: డాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, సీటు కింద ఊఫర్, రంగురంగుల లైట్లు. తాళం తీసినా కరెంటు వచ్చే వైరుకు వాటిని కలిపేసి ఉంటారు.

జంపర్ వేసేటప్పుడు

ఎర్ర కేబుల్ ఒక కొన దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొన మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్ల కేబుల్ మంచి బ్యాటరీ మైనస్‌కు, దాని రెండో కొన దిగిపోయిన కారు ఇంజిన్ మీద రంగు లేని గట్టి ఇనుప భాగానికి, బ్యాటరీకి దూరంగా. చివరి అతుకు దగ్గర నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండొచ్చు, ఆ రెండూ కలవకూడదు. సాయం చేసే కారును ఐదు పది నిమిషాలు నడవనిచ్చి, అప్పుడు తాళం తిప్పాలి. తీసేటప్పుడు వేసిన వరుసకు తలకిందులుగా తీయాలి.

గుట్ట మీద కార్లకు కొదవ లేదు, కేబుళ్లకే కరువు. ఒక జత డిక్కీలో వేసుకోండి. ఊళ్లో అయితే ట్రాక్టర్ బ్యాటరీ కూడా పనికొస్తుంది, అది సాధారణంగా 12 వోల్టులదే. లారీ, బస్సు జోలికి మాత్రం పోవద్దు. వాటిది 24 వోల్టుల వ్యవస్థ. పెద్ద బండి కదా, పెద్ద బలం కదా అని కలిపితే కారులోని కంప్యూటర్లు కాలిపోతాయి.

జంపర్‌తో లేచిన కారు బాగుపడిన కారు కాదు. బాగా దిగిన బ్యాటరీని విప్పి, బ్యాటరీ షాపులో నెమ్మదిగా రాత్రంతా చార్జ్ పెట్టించడం మేలు. 35 ఆంపియర్-అవర్ల దానికి మూడున్నర ఆంపియర్ల చొప్పున పది పన్నెండు గంటలు. గంటలో ఎక్కించి ఇస్తామనే చోట పెట్టకండి.

ఒక్క టక్, అసలు చప్పుడు లేకపోవడం

బ్యాటరీ కొలతలన్నీ సరిగా ఉండి, తాళం తిప్పినప్పుడు గట్టిగా ఒక్క ‘టక్’ వినిపిస్తే అప్పుడు సెల్ఫ్ మీద అనుమానం. దానికి ముందు ఇంజిన్ నుంచి బాడీకి పోయే ఎర్త్ పట్టీ చూడాలి. అది తుప్పుపట్టినా ఇదే లక్షణం. సెల్ఫ్ మోటారే అయితే మొత్తం మార్చాల్సిన పని చాలాసార్లు ఉండదు. కార్బన్ బ్రష్‌లు అరిగి ఉంటాయి, లేదా బుష్ పోయి ఉంటుంది, లేదా సోలినాయిడ్ లోపలి రాగి బిళ్లలు కాలి ఉంటాయి. మంచి ఆటో ఎలక్ట్రీషియన్ వీటిని విడిగా మారుస్తాడు. మోటార్ మీద పానాతో మెల్లగా రెండు దెబ్బలు కొడితే స్టార్ట్ అయిందంటే బ్రష్‌లు అరిగాయని దాదాపు రూఢి. అది మిమ్మల్ని ఇంటికి చేర్చే ఉపాయం మాత్రమే.

అసలు చప్పుడే లేకపోతే ముందు మన కాలు చూసుకోవాలి. చాలా కార్లు క్లచ్ పూర్తిగా నొక్కకపోతే సెల్ఫ్ తీసుకోవు. కాలి కింద మ్యాట్ ముడుచుకున్నా చాలు. ఆటోమేటిక్ అయితే గేరును న్యూట్రల్‌లోకి మార్చి చూడండి. డాష్‌బోర్డులో తాళం బొమ్మ మినుకుమినుకుమంటే కారు మీ తాళాన్ని గుర్తుపట్టలేదు, రెండో తాళం ప్రయత్నించాలి. బటన్‌తో స్టార్ట్ అయ్యే కారులో రిమోట్ లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోతే, చాలా మోడళ్లలో రిమోట్‌ను ఆ బటన్‌కే ఆనించి నొక్కితే పనిచేస్తుంది. ఇంకా కాకపోతే ఫ్యూజు డబ్బాలో స్టార్టర్ రిలే తీసి, అదే నంబరున్న హారన్ రిలేను అందులో పెట్టి చూడండి. రూపాయి ఖర్చు లేని పరీక్ష.

తిరుగుతుంది, రగలదు

పెట్రోలు కారయితే తాళం ఇగ్నిషన్ దాకా తిప్పి ఆపి, వెనక సీటు వైపు చెవి పెట్టండి. రెండు సెకన్లపాటు జుయ్‌మని సన్నటి శబ్దం రావాలి. అది ఇంధనం పంపు. రాకపోతే పంపు ఫ్యూజు, రిలే, వైరు, ఆ తర్వాతే పంపు. ట్యాంకులో పెట్రోలు అడుగున ఉన్నప్పుడు ఏటవాలులో నిలబెడితే పంపుకు అందకపోవడం కూడా ఉంది. ఘాట్ మీద ఆగిన కార్లలో దీన్ని మర్చిపోతారు. పెట్రోలు వాసన గుప్పుమంటుంటే యాక్సిలేటర్ పూర్తిగా నొక్కిపట్టి తాళం తిప్పండి. చాలా ఇంజెక్షన్ కార్లు అప్పుడు పెట్రోలు ఆపి గాలి మాత్రమే పంపిస్తాయి, ఇంజిన్ ఆరుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీల్చుకుంటుంది. కనుక నెలల తరబడి నిలబెట్టే కారు ట్యాంకులో సగం గాలి ఉంచడం మంచిది కాదు.

డీజిల్ బండి అయితే ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదలాలి. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపిన బండికి ఎయిర్ పడుతుంది. చేతి పంపు ఉన్న మోడలయితే గట్టిపడేదాకా కొట్టాలి. చలికాలం పొద్దున్నే తెల్లపొగ కక్కుతూ ఇబ్బందిపడి, మధ్యాహ్నం బాగానే స్టార్ట్ అయితే గ్లో ప్లగ్గులు చూపించాలి.

పది సెకన్లకు మించి ఒక్క బిగిన సెల్ఫ్ కొట్టకండి. మధ్యలో నిమిషం ఆగండి, లేకపోతే ఉన్న సమస్యకు సెల్ఫ్ కాలిపోవడం తోడవుతుంది. ఇంజిన్ ఎప్పటికన్నా తేలిగ్గా, వట్టిగా గిర్రున తిరుగుతున్నట్టు వినిపిస్తే టైమింగ్ బెల్టో చెయినో తెగి ఉండొచ్చు, అక్కడే ఆపండి. వరద నీళ్లలో మునిగిన కారుకు అసలు తాళమే తిప్పకూడదు. సిలిండర్‌లో చేరిన నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. వేలల్లో పోయే ఖర్చు లక్షల్లోకి మారేది ఆ ఒక్క తిప్పు దగ్గరే.

కొండ ఎక్కాక మాత్రమే మొరాయించే కారు

పెద్ద హనుమాన్ జయంతి వైశాఖంలో, అంటే మే నెల ఎండల్లో వస్తుంది. దీక్షాపరులతో గుట్ట కిటకిటలాడుతుంది. మొదటి గేరులో ఆగి ఆగి ఎక్కిన కారు పైకి చేరి, దర్శనమయ్యాక స్టార్ట్ కాదు. ఇంజిన్ చక్కగా తిరుగుతుంది, రగలదు. ముప్పావుగంట ఆగి ప్రయత్నిస్తే ఏమీ జరగనట్టు లేస్తుంది. ఇంటికొచ్చాక నెలరోజులు ఏ ఇబ్బందీ ఉండదు. ఈ లక్షణం చాలావరకు, ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సర్‌ది. వేడెక్కితే చచ్చి, చల్లారితే బతుకుతుంది. తాళం తిప్పుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొంచెమైనా లేస్తోందా చూడండి. చాలా కార్లలో అది అసలు కదలకపోతే కంప్యూటర్‌కు ఇంజిన్ తిరుగుతున్న కబురే అందడం లేదు. స్వామి దయ వల్ల స్టార్ట్ అయిందని మొక్కు చెల్లించండి, తప్పేం లేదు. సెన్సర్ కూడా మార్చండి.

ఇక్కడ కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ సాయపడుతుంది, అదే తప్పుదారీ పట్టిస్తుంది. పీ0335 అని కోడ్ వస్తే ‘క్రాంక్ సెన్సర్ సర్క్యూట్’ అని అర్థం. సెన్సర్ పోయిందని కాదు, ఆ దారిలో ఎక్కడో తేడా ఉందని. ఎలుక కొరికిన వైరుకు కూడా అదే కోడ్ వస్తుంది.

ఇక నూకడం గురించి. మాన్యువల్ గేరు కారు, చదునైన రోడ్డు, బ్యాటరీలో కాస్త ప్రాణం, ఈ మూడూ ఉంటే రెండో గేరులో నూకి స్టార్ట్ చేయొచ్చు. ఆటోమేటిక్‌తో కుదరదు. గుట్ట మీద వాలు ఉంది కదా, దొర్లిస్తే అదే లేస్తుంది అనే సలహా మాత్రం వినకండి. ఇంజిన్ నడవకపోతే బ్రేకుకు బూస్టర్ బలం రెండు మూడు నొక్కులకే అయిపోతుంది, స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది. 2018 సెప్టెంబర్ 11న ఈ ఘాట్ రోడ్డు మీదే ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. ఆ మలుపుల దగ్గర బ్రేకు మీద సందేహం ఉన్న బండి కదలకూడదు. ఎంత ఆలస్యమైనా సరే కేబుళ్ల కోసమో, కింద నుంచి వచ్చే మెకానిక్ కోసమో ఆగండి. పిల్లల్ని దింపి నీడకు పంపండి.

మెకానిక్‌తో ఎలా మాట్లాడాలి

“బ్యాటరీ పోయినట్టుంది, చూడన్నా” అనకండి. మీరే తీర్పు చెప్పేశారు, ఆయన దాన్ని అమలు చేస్తాడు. దానికి బదులు ఇలా చెప్పండి: “పొద్దున చల్లగున్నప్పుడు మంచిగనే స్టార్ట్ అయితుంది. ఇరవై కిలోమీటర్లు పోయి ఆపినంక అయితలేదు. సెల్ఫ్ మంచిగ తిరుగుతుంది. వోల్టేజి 12.5 ఉంది, తిప్పినప్పుడు 10.2.” ఇంత చెబితే మంచి మెకానిక్ మొహంలో తేడా కనిపిస్తుంది. అటువంటి కస్టమరు ఆయనకు రోజూ దొరకడు. చెడ్డ మెకానిక్ కూడా జాగ్రత్తపడతాడు.

ఏదైనా పార్టు మార్చాలంటే, మార్చకముందు అది పోయిందని ఎట్లా తేలిందో అడగండి. అడగడంలో అవమానించడమేమీ లేదు, “ఎట్ల తెలిసిందన్నా, నాకూ చూపియ్యి” అంటే చాలు. తీసిన పాత పార్టు మీ చేతికి ఇమ్మనండి. ఎక్స్ఛేంజ్ కింద పోయే బ్యాటరీ అయితే దాని మీది తయారీ నెల ఫోటో తీసుకోండి. కొత్తదాని వారంటీ కార్డు మీద తేదీ, షాపు ముద్ర పడ్డాకే డబ్బులివ్వండి. బండి బయటికి తీసే ముందు మీటరు మీరే పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా ఎంత చూపిస్తోందో ఆ అంకె బిల్లు వెనక రాసుకోండి.